'మిడిల్‌మార్చ్' మధ్యలో ఆగిపోయిన పాఠకుడికి

జార్జ్ ఎలియట్ అనే మగ కలంపేరుతో రాసిన ఇంగ్లీషు రచయిత్రి నవల 'మిడిల్‌మార్చ్' మొదలుపెట్టి నాలుగు నెలలైందనీ, 20వ అధ్యాయం దగ్గర ఆగిపోయాననీ మీరు రాశారు. రాత్రి భోజనం ముగించుకుని అరగంట చదువుదామని కూర్చుంటే రెండు పేజీలు తిరగకముందే మనసు మరెక్కడికో పోతోందనీ, కథ కదలడం లేదనీ, రచయిత్రి ప్రతి పేరాలోనూ కల్పించుకుని ఏదో ఒక వ్యాఖ్యానం చేస్తోందనీ, ఎవరికి ఎవరేమవుతారో గుర్తుండటం లేదనీ అన్నారు. ఇంత పేరున్న నవల రుచించకపోవడం నా లోపమేనా, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలా, లేక వదిలేయాలా అన్నది మీ ప్రశ్న.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యం బోధించాను. ఎం.ఏ. చదివే రోజుల్లో ఈ నవల మాకు పాఠ్యాంశంగా ఉండేది. దాన్ని తెరవకుండా, నోట్సు చదివి పరీక్ష రాశాను. ఉద్యోగంలో చేరాక పాఠం చెప్పవలసి వచ్చి చదవడం మొదలుపెట్టి, సరిగ్గా మీరు ఆగిన చోటే, రోము నగరంలో కొత్త పెళ్ళికూతురు ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్న అధ్యాయం దగ్గరే ఆగిపోయాను. పూర్తిగా చదవగలిగింది నలభై దాటాక. అప్పటికి నాకు తెలిసివచ్చిన సంగతే మీకు చెప్పదలచుకున్నాను. ఆ నవలకు ప్రాణం దాన్ని చెబుతున్న గొంతులో ఉంది. ఆ గొంతు కోసం, అది మొదట వినిపించినప్పటి వేగంతో, మధ్యమధ్య విరామమిచ్చి చదివితే, ఇప్పుడు మీకు అడ్డుగా తోస్తున్నవే మిమ్మల్ని ముందుకు తీసుకువెళతాయి. ఈ మాటను వివరించడానికి మీరింకా చదవని కథ కొంత చెప్పక తప్పదు. ఈ నవల విషయంలో అందువల్ల నష్టమేమీ ఉండదని నా అనుభవం.

మీ చేతిలో ఉన్న ఎనిమిది వందల పైచిలుకు పేజీల పుస్తకం 1871 డిసెంబరులో ఏ పాఠకుడి చేతిలోనూ లేదు. ఆ నెలలో బ్లాక్‌వుడ్ ప్రచురణ సంస్థ మొదటి భాగాన్ని మాత్రమే, ఐదు షిల్లింగుల వెలకు, విడి పుస్తకంగా విడుదల చేసింది. అప్పట్లో నవలలు మూడు సంపుటాలుగా రావడం, చందా గ్రంథాలయాలు వాటిని కొని పాఠకులకు అద్దెకు తిప్పడం ఆనవాయితీ. ఈ నవల ఆ మూడు సంపుటాల్లో ఇమిడేది కాదని తేలినప్పుడు, ఎలియట్ జీవిత సహచరుడు జార్జ్ హెన్రీ లూయిస్ దాన్ని రెండు నెలలకొక భాగం చొప్పున వెలువరించమని ప్రచురణకర్తకు సూచించాడు. 1872 అక్టోబరు దాకా ఆరు భాగాలు ఆ లెక్కన వచ్చాయి. చివరి రెండూ నవంబరు, డిసెంబరు నెలల్లో వరసగా వచ్చాయి. అంటే తొలి పాఠకులకు ఈ నవల పూర్తి కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఒక్కొక్క భాగం మీదా పత్రికల్లో సమీక్షలు వచ్చాయి, ఇళ్ళలో చర్చలు జరిగాయి. ఎనిమిది భాగాలకూ ఎనిమిది పేర్లున్నాయి, ప్రతి భాగానికీ తనదైన ఎత్తుగడా ముగింపూ ఉన్నాయి.

వారపత్రికల్లో సీరియళ్ళు చదివిన తరానికి ఈ పద్ధతిని వివరించనక్కరలేదు. మా అమ్మ పత్రిక రాగానే ముందు సీరియల్ చదివి, చివర 'సశేషం' చూసి నిట్టూర్చి, ఆ పేజీలను జాగ్రత్తగా విడదీసి బీరువాలో చీరల కింద దాచేది. నవల ముగిశాక వాటిని సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసేది. చదవడానికి పట్టేది అరగంటే. కానీ మిగిలిన ఆరు రోజులూ ఆ కథలోని మనుషుల గురించి, వీధిలోని మనుషుల గురించి మాట్లాడినంత సహజంగా, పక్కింటివారితో మాట్లాడుతూనే ఉండేది. ఆ మాటలు లేకపోతే ఆ అరగంటకు అంత బలం ఉండేది కాదు.

ఆ జ్ఞాపకంతోనే నేను ఒక పని చేశాను. ఈ నవల కాపీరైటు ఎప్పుడో ముగిసింది కనుక ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతుంది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, ఎనిమిది భాగాలకూ ఎనిమిది స్పైరల్ బైండింగులు చేయించాను. కాలేజీకి వెళ్ళే బస్సులో ఒక్కొక్క భాగాన్నే సంచిలో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఒక భాగం ముగిశాక రెండు వారాలు గడిస్తేగాని తరువాతి భాగం తెరవకూడదని నియమం పెట్టుకున్నాను. అంతకుముందు కొండలా కనిపించిన పుస్తకం ఎనిమిది చిన్న పుస్తకాలైంది. అంతకన్నా ముఖ్యంగా, ఆ విరామాల్లో పాత్రలు నా మనసులో కుదురుకున్నాయి. తరువాతి భాగం తెరిచేసరికి పేర్లు గుర్తు తెచ్చుకోవలసిన పని లేకపోయింది.

ఆ విరామం ఎంత పని చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. నాలుగో భాగం 42వ అధ్యాయంతో ముగుస్తుంది. తన గుండెకు జబ్బు చేసిందనీ, ప్రాణం ఎప్పుడైనా హఠాత్తుగా పోవచ్చుననీ వైద్యుడి నోట అప్పుడే విన్న కసాబన్ తోటలో నిలబడి ఉంటాడు. ఓదార్చాలని వచ్చిన భార్య డొరోతియా అతడి చేతిలో చెయ్యి దూరుస్తుంది. అతడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, కొయ్యలా బిగుసుకుని ఉండిపోతాడు. ఆమె అవమానంతో తన గదిలోకి వెళ్ళి, సాయంత్రమంతా తన కోపంతో తానే పోరాడి, రాత్రి అతడు కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కి వచ్చే వేళకు బయట నిలబడి ఉంటుంది. నాకోసమా ఎదురు చూస్తున్నావు అని అతడు ఆశ్చర్యపోతాడు. చిన్నదానివి, నువ్విలా మేలుకుని ఉండనక్కరలేదు అంటాడు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపి ఆ వెడల్పాటి నడవలో నడిచి వెళ్ళిపోతారు. 1872 జూన్‌లో పాఠకులను అక్కడ వదిలిపెట్టారు. ఆగస్టులో వచ్చిన ఐదో భాగం పేరు 'మృతుడి చెయ్యి'. ఈ రెండు చేతుల మధ్య తొలి పాఠకులకు రెండు నెలల ఎడం దొరికింది. అదే రాత్రి పేజీ తిప్పి 43వ అధ్యాయంలోకి వెళ్ళేవారికి ఆ నడవలోని నిశ్శబ్దం దక్కదు.

ఇక మీరు రెండో ఫిర్యాదుగా చెప్పిన వ్యాఖ్యానం. ఈ నవలకు అదే గుండెకాయ అని నా నమ్మకం. హరికథ విన్నవారికి నేను చెప్పేది సులువుగా బోధపడుతుంది. హరిదాసు సీతాకల్యాణం చెబుతూ మధ్యలో ఆగి ఒక పిట్టకథ అందుకుంటాడు. సీతకు పెళ్ళవుతుందో లేదో తెలియనివారు ఆ పందిట్లో ఒక్కరూ ఉండరు. వాళ్ళు వచ్చింది ఆ మనిషి చెప్పే తీరు కోసం. ఎలియట్ గొంతును కూడా అలాగే వినాలి. అయితే హరిదాసు పిట్టకథ శ్రోతను సేద తీరుస్తుంది. ఎలియట్ వ్యాఖ్యానం, మనం ఒక మనిషి మీద అప్పుడే ఇచ్చేసిన తీర్పును వెనక్కి తీసుకునేలా చేస్తుంది.

29వ అధ్యాయం మొదటి వాక్యం చూడండి. లోవిక్‌లోని భర్త ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు ఒక ఉదయం డొరోతియా అని మొదలుపెట్టి, ఆ వాక్యాన్ని పూర్తి చేయకుండానే, అయినా ఎప్పుడూ డొరోతియాయేనా అని తనను తానే నిలదీసుకుంటుంది కథకురాలు. ఈ పెళ్ళిని ఆమె వైపునుంచి మాత్రమే ఎందుకు చూడాలి అని అడిగి, అప్పటిదాకా మనం విసుక్కుంటూ వచ్చిన కసాబన్ లోపలికి తీసుకువెళుతుంది. సమస్త పురాణగాథలకూ మూలసూత్రం కనిపెడతానని ఏళ్ళ తరబడి కాగితాల గుట్టలు పేర్చుకుంటూ, అది ఎన్నటికీ పూర్తి కాదేమోనన్న భయాన్ని ఎవరికీ చెప్పుకోలేక, తోటి పండితులు తనను చూసి నవ్వుతున్నారేమోనని కుమిలిపోయే మనిషి అక్కడ కనిపిస్తాడు. యాభైకి దగ్గరపడుతున్న ఆ ఎండిపోయిన పండితుడిలోనూ మనలో ఉన్న ఆకలే ఉందని తెలుస్తుంది. ఇది కథ ఆగిపోయిన చోటుగా పైకి కనిపిస్తుంది. నిజానికి ఈ నవలలో జరిగే అతి పెద్ద సంఘటనల్లో ఇదొకటి. ఎందుకంటే అది జరిగేది పాఠకుడిలో.

అంతకు రెండు అధ్యాయాల ముందు, 27వ అధ్యాయం ఆరంభంలో, ఇంకొక వ్యాఖ్యానం ఉంది. దాన్ని చదివే ముందు మీ వంటింట్లోని స్టీలు పళ్ళెం ఒకటి తీసుకోండి. ఏళ్ళ తరబడి పీచుతో తోమిన పళ్ళెం మీద గీతలు అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. గదిలో దీపాలు ఆర్పి, ఆ పళ్ళెం దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించి పట్టుకోండి. గీతలన్నీ ఆ మంట చుట్టూ వలయాలుగా సర్దుకుని కనిపిస్తాయి. కొవ్వొత్తిని పక్కకు జరిపితే వలయాలూ దానితోపాటే జరుగుతాయి. పనిమనిషి తుడిచి తుడిచి మెరుగుపెట్టిన అద్దాన్నో, ఉక్కు పలకనో చూపించి ఎలియట్ చెప్పేది సరిగ్గా ఇదే. గీతలు మిడిల్‌మార్చ్ అనే ఆ ఊళ్ళో జరిగే సంగతులు, కొవ్వొత్తి ఎవరి అహం వారిది. రోసమండ్ విన్సీ అనే అందమైన అమ్మాయి, తన అన్న ఫ్రెడ్‌కు జ్వరం వచ్చింది కూడా తనకూ యువ వైద్యుడు లిడ్‌గేట్‌కూ పరిచయం పెంచడానికేనన్నట్టు లోకాన్ని చూసుకుంటుంది. నేను తరగతిలో పళ్ళెం, కొవ్వొత్తి పట్టుకెళ్ళి ఈ పేరా చదివి వినిపించిన రోజున, అప్పటిదాకా గడియారం చూసుకుంటున్న పిల్లలు బల్లల దగ్గరనుంచి లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ తరువాత ఏ పాత్ర ఏ పని చేసినా, వీరి కొవ్వొత్తి ఎక్కడుందో వెతకడం వాళ్ళకు అలవాటైంది.

మీరు ఆగిపోయిన 20వ అధ్యాయం సంగతికి వస్తాను. అక్కడ ఏమీ జరగడం లేదన్న మాట పైకి నిజమే. రోముకు వచ్చి ఐదు వారాలైన డొరోతియా బసలో ఒంటరిగా కూర్చుని ఏడుస్తోంది. ఎందుకు ఏడుస్తోందో స్పష్టంగా చెప్పుకోవడం ఆమెకే చేతకావడం లేదు. భర్త ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, మోసం చేయలేదు. పెళ్ళికి ముందు ఏ విశాలమైన గదులు ఉన్నాయని ఊహించుకుందో, అక్కడ ఎటూ దారితీయని ఇరుకు నడవలే ఉన్నాయని తెలిసివస్తోంది, అంతే. కొత్త కాపురాల్లో ఇటువంటి దుఃఖం ఎంత మామూలంటే, దాన్ని ఎవరూ దుఃఖంగా లెక్కవేయరు. అక్కడే ఎలియట్ ఒక మాట అంటుంది. మామూలు మనుషుల బతుకులోని ప్రతి కదలికా మనకు తెలిసేటంత సూక్ష్మమైన ఇంద్రియాలే ఉంటే, గడ్డి మొలిచే చప్పుడూ ఉడుత గుండె కొట్టుకునే చప్పుడూ వినబడి, నిశ్శబ్దానికి ఆవలి వైపున్న ఆ హోరుకు మనం చచ్చిపోతామని దాని సారాంశం. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు మొద్దుబారి తిరగడంవల్లనే మనం బతికి ఉన్నామని ఆ వెంటనే చేర్చుతుంది. నేను ఇరవై ఏడేళ్ళ వయసులో ఈ పేజీ మీదే పుస్తకం మూసేశాను. నలభై దాటాక, పెళ్ళై ఇంటికి వచ్చిన మొదటి నెలల్లో నా భార్య సాయంత్రాలు పెరట్లో ఊరికే నిలబడి ఉండటం గుర్తొచ్చి, ఆ పేజీ దాటి వెళ్ళడానికి నాకు చాలాసేపు పట్టింది.

వాక్యాల పొడవు గురించి మన భాషవారికి ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అందుచేత అసలు సంగతి కోసం చివరిదాకా ఆగడం మనకు అలవాటు. ఎలియట్ వాక్యంలో కర్తా క్రియా ముందుగానే వచ్చి, ఆ తరువాత ఒకదానికొకటి అతుక్కుంటూ ఉపవాక్యాలు సాగుతాయి. ఒక్కొక్కటీ ముందు చెప్పినదాన్ని కొంచెం సవరిస్తుంది. మనలో చాలామంది చదువుతూనే మనసులో తెలుగు చేసుకుంటారు. అలా చేయాలంటే వాక్యాన్ని తోకనుంచి తలవైపు తిరగేయవలసి వస్తుంది. రెండు పేజీలకే అలసట రావడానికి అది పెద్ద కారణం. తెలుగు చేసుకోవడం మానండి. రోజుకు ఒక పేజీ అయినా పైకి చదవండి. గొంతుతో చదివినప్పుడు వాక్యం ఎక్కడ విరుగుతుందో ఊపిరే చెబుతుంది. పైకి చదివే వీలు లేకపోతే వినండి; జూలియట్ స్టీవెన్‌సన్ చదివిన పూర్తి ఆడియో పుస్తకం సుమారు 35 గంటలు ఉంటుంది, వ్యాఖ్యానంలోని మెత్తదనాన్నీ చురుకునూ ఆమె ఎంతో చక్కగా పలుకుతుంది. తెలియని ప్రతి మాటకూ నిఘంటువు తెరవకండి. పెన్సిలుతో గుర్తు పెట్టుకుని అధ్యాయం చివర ఒక్కసారి చూసుకుంటే చాలు. ప్రతి అధ్యాయానికీ తలమీద ఉండే పద్యాలూ సూక్తులూ, పుస్తకం మొదట్లో సెయింట్ థెరెసా గురించిన ప్రస్తావనా మొదటి పఠనంలో వదిలేసినా కథకు లోటు రాదు.

బంధుత్వాలు గుర్తుండకపోవడానికి కారణం మీ జ్ఞాపకశక్తి కాదు, ఇంగ్లీషులోని అంకుల్, ఆంటీ, కజిన్ అనే మాటలు. వరసలు తెలుగులో రాసుకోండి, చిక్కు విడిపోతుంది. బ్యాంకరు బుల్‌స్ట్రోడ్ భార్య హారియెట్, విన్సీ గారి చెల్లెలు. అంటే ఫ్రెడ్‌కూ రోసమండ్‌కూ సొంత మేనత్త. ముసలి పిసినారి ఫెదర్‌స్టోన్ మొదటి భార్య కేలబ్ గార్త్ తోబుట్టువు, రెండో భార్య విన్సీ గారి భార్యకు తోబుట్టువు. అంటే కేలబ్ కూతురు మేరీ గార్త్‌కు అతడు మేనత్త భర్త, ఫ్రెడ్‌కు తల్లి తోబుట్టువు భర్త. అందుకే అతడి ఆస్తి మీద ఫ్రెడ్‌కు అంత ఆశ. ఇక విల్ లాడిస్లా, కసాబన్‌కు పెద్దమ్మ మనవడు, ఆమె కొడుకు కొడుకు. మన లెక్కలో కొడుకు వరస అవుతాడు. ఆ వరసను వారికి అంటగట్టకండి, వారి సమాజంలో ఆ పట్టింపు లేదు. ఇద్దరికీ మధ్య వయసు తేడా, ఒకరి డబ్బు మీద ఒకరు చదువుకోవడంలోని ఇబ్బంది మాత్రం ఆ మాటలో మనకు తొందరగా తడతాయి.

చరిత్ర అట్టే అవసరం లేదు. కథ 1829లో మొదలై 1832లో, పార్లమెంటు ఎన్నికల సంస్కరణ చట్టం వచ్చిన ఏట ముగుస్తుంది. రైలు అప్పుడే ఆ పల్లెల వైపు చూస్తోంది, కొత్త వైద్యం పారిస్ నుంచి లిడ్‌గేట్‌తోపాటు ఊళ్ళోకి వచ్చింది. అప్పట్లో అక్కడి వైద్యులకు ఆదాయం మందులు అమ్మడంలో ఉండేది. లిడ్‌గేట్ మందు రాసిస్తానేగాని అమ్మనంటాడు, ఊరంతా అతడి మీద అనుమానపడటానికి అది సరిపోతుంది. 1871 పాఠకులకే ఇదంతా నలభై ఏళ్ళ నాటి ముచ్చట. నోట్సు ఉన్న పెంగ్విన్ ప్రతినో, ఆక్స్‌ఫర్డ్ ప్రతినో దగ్గర ఉంచుకుంటే మిగిలినవి అవసరమైనప్పుడు చూసుకోవచ్చు. ముందుమాటను మాత్రం నవల పూర్తయ్యాకే చదవండి.

కథ కదలడం లేదన్నారు కదా, మీరు ఆగిన చోటునుంచి నాలుగు అధ్యాయాల దూరంలో ఉన్న 24వ అధ్యాయం గురించి చెబుతాను. పనీపాటా లేని ఫ్రెడ్ విన్సీ 160 పౌండ్ల అప్పు చేశాడు. ఆ కాగితం మీద హామీగా సంతకం పెట్టింది కేలబ్ గార్త్, ఎవరేమడిగినా కాదనలేని, ఒళ్ళు వంచి పనిచేసే మనిషి. గడువు వచ్చేసరికి ఫ్రెడ్ చేతిలో 50 పౌండ్లే ఉన్నాయి. ఆ సంగతి చెప్పడానికి అతడు గార్త్‌ల ఇంటికి వెళతాడు. మిసెస్ గార్త్ వంటింట్లో బల్ల దగ్గర పిండి కలిపి 'పై' అనే వంటకం చేస్తూ, పొయ్యి దగ్గర పనిపిల్ల మీద ఒక కన్ను వేసి ఉంచుతూ, ఇద్దరు చిన్నపిల్లలకు వ్యాకరణం పాఠం చెబుతూ ఉంటుంది. కొడుకు ఆల్ఫ్రెడ్‌ను పని నేర్చుకోవడానికి పంపేందుకు ఆవిడ పాఠాలు చెప్పి పెన్నీ పెన్నీ కూడబెట్టిన సొమ్ము 92 పౌండ్లు. ఇంకా 18 కావాలి. మేరీ దగ్గర ఉంటాయి అంటారు. 92కు 18 కలిపితే, తక్కువపడిన ఆ 110 సరిపోతుంది. ఎవరూ గొంతు పెంచరు. అంతదాకా ఆ అప్పును తన పరువుకు వచ్చిన ఇబ్బందిగా మాత్రమే చూసుకున్న ఫ్రెడ్‌కు, ఇద్దరు ఆడవాళ్ళు దాచుకున్న డబ్బు దోచుకుంటున్న నీచుడిగా తన రూపం మొదటిసారి కనిపిస్తుంది. స్నేహితుడి మాట కాదనలేక హామీ సంతకం పెట్టిన తండ్రి, ఫీజు కోసం దాచిన డబ్బు తీసి ఇచ్చిన తల్లి, ఇవి ఏ ఊళ్ళోనైనా జరిగే సంగతులు. నా విద్యార్థుల్లో ఒకమ్మాయి ఈ అధ్యాయం చదివాక, ఇది మా ఇంట్లో జరిగింది సార్ అని మాత్రం అని కూర్చుంది. ఎలియట్ నవలలో కథ కదిలేది ఇలా లెక్కల్లో, చూపుల్లో, పిండి కలిపే చేతుల్లో.

ఈ పుస్తకంలో లోపాలు లేవని నేను చెప్పను. 1873లో నవలాకారుడు హెన్రీ జేమ్స్ దీన్ని సమీక్షిస్తూ, వివరాల ఖజానా అయినా మొత్తంగా చూస్తే అంత గొప్పగా కుదరలేదన్నాడు. ఆ మాటలో కొంత నిజముంది. బుల్‌స్ట్రోడ్ గతాన్ని బయటికి లాగడానికి రాఫిల్స్ అనే తాగుబోతును రప్పించిన తీరు, అనుకోకుండా అతడి చేతికి దొరికిన కాగితం ముక్క మీద ఆధారపడటం నాకు ఎప్పుడూ నచ్చలేదు. విల్ లాడిస్లా మిగిలిన పాత్రల ముందు పలచగా కనిపిస్తాడు. ఎన్నికల రాజకీయాల అధ్యాయాలు నెమ్మదిగా నడుస్తాయి. అక్కడ విసుగొస్తే వేగంగా కళ్ళతో దాటి వెళ్ళండి, అందులో తప్పేమీ లేదు.

నాలుగో భాగం ముగిసేసరికి కూడా ఎవరూ మీకు దగ్గర కాకపోతే, పుస్తకాన్ని ప్రశాంతంగా పక్కన పెట్టండి. అదే రచయిత్రి 1861లో ప్రచురించిన 'సైలస్ మార్నర్' చాలా చిన్న నవల; ఆ గొంతుతో పరిచయం అక్కడ సులువుగా కుదురుతుంది, కొన్నేళ్ళ తరువాత దీనికి తిరిగి రావచ్చు.

కానీ మీరు వదలకూడదని నేను కోరుకోవడానికి కారణం 74వ అధ్యాయం. బుల్‌స్ట్రోడ్ గుట్టు ఊరంతటికీ తెలిసిపోయింది. భార్యకు మాత్రం ఎవరూ చెప్పరు. చివరికి అన్నగారి దగ్గర విని ఇంటికి వచ్చి, హారియెట్ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఇరవై ఏళ్ళు గౌరవించిన భర్త ఎవరో తెలియని మనిషి అయిపోయాడు. నవల పొడుగునా ఈవిడ నగలూ, రిబ్బన్ల టోపీలూ ఇష్టపడే మామూలు ఇల్లాలు. మనం ఆవిడను పెద్దగా పట్టించుకుని ఉండము. ఆవిడ ఏడ్చి ఏడ్చి లేచి, ఒంటిమీద నగలన్నీ తీసేస్తుంది. సాదా నల్లగౌను వేసుకుంటుంది. అలంకరించుకున్న జుట్టును సాపుగా దువ్వి, ఏ హంగూ లేని టోపీ పెట్టుకుంటుంది. ఇకమీదట అతడి అవమానంలో తానూ ఉంటానని ఆవిడ నోటితో చెప్పదు, బట్టలు మార్చుకుంటుంది. రాత్రి ఎనిమిదికి తలుపు తెరుచుకుంటుంది. అతడు తల ఎత్తలేడు. కూర్చున్న చోటే ముడుచుకుపోయి ఉంటాడు. ఆవిడ అతడి చేతి మీద ఒక చెయ్యి, భుజం మీద ఇంకొక చెయ్యి వేసి, తలెత్తండి నికొలస్ అంటుంది. అతడు బావురుమంటాడు, ఆవిడ పక్కన కూర్చుంటుంది, ఇద్దరూ కలిసి ఏడుస్తారు. ఇందులో ఎంత నిజం, ఎంత పుకారు అని ఆవిడ అడగలేదు. నేను నిర్దోషిని అని అతడు అనలేదు. అధ్యాయం అక్కడితో ముగుస్తుంది. ఈ మూడు నాలుగు పేజీలను విడిగా చదివితే మంచి సన్నివేశంలా అనిపిస్తుంది. ఏడాదో, ఆరు నెలలో ఆ ఊళ్ళో తిరిగి, ఆవిడ టోపీలను అరడజను సార్లు చూసి, ఆవిడను తేలిగ్గా తీసుకున్న తరువాత చదివితే, అది చేసే పని వేరు. ఆ పొడవుకు నాకు కనిపించే సమర్థన ఇదే.

అందుచేత మొదటికి వెళ్ళకండి. మళ్ళీ మొదలుపెట్టినవారు మళ్ళీ అక్కడే ఆగడం నేను చాలాసార్లు చూశాను. 20వ అధ్యాయం ఒక్కటి ఈసారి పైకి చదవండి, 21, 22 ముగించండి; దానితో రెండో భాగం పూర్తవుతుంది. పుస్తకం రెండు వారాలు అలమరలో పెట్టి, ఆ లోగా కాగితం మీద వరసలు రాసుకోండి. తరువాత 23, 24 చదివి, మిసెస్ గార్త్ వంటింట్లో ఆ 110 పౌండ్లు ఎలా కూడాయో ఇంట్లో ఎవరికైనా మీ మాటల్లో చెప్పండి. మూడో భాగంలో మిగిలిన తొమ్మిది అధ్యాయాలూ ఆ మర్నాడు మొదలుపెట్టవచ్చు.